చింతపండుతో తోమిన ముద్ర

"రబ్బరు స్టాంపులు చేసుకునేవాడికి ఇత్తడి ముద్రల సంగతి ఏం తెలుస్తుంది?" అని ఒక పెద్దమనిషి నన్ను ముఖం మీదే అడిగాడు. రియాద్‌లో, పాత సామాన్లు అమ్మే అతని దుకాణంలో. అప్పటికి నేను ఆ ఊళ్లో ముద్రలు చెక్కడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. నా మోకాళ్లు అరిగాయి, పళ్లు సగం ఊడాయి, ఆ మాట మాత్రం అరగలేదు.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ అక్కడే పట్టుకుంటారు. జగిత్యాల పక్కన కంసాలి ఇంట్లో పుట్టాను. ఐదో తరగతితో బడి ముగిసింది. రియాద్‌కు కూలీగా వచ్చి మూడేళ్లు సిమెంటు బస్తాలు మోశాక, మలాజ్ అనే పేటలో ఒక స్టాంపుల దుకాణంలో పని దొరికింది. అక్కడ హైదరాబాదు నుంచి వచ్చిన ముసలి ఉస్తాదు ఒకాయన ఇత్తడి మీద చేత్తో ముద్రలు చెక్కేవాడు. నా చేతికి ఉలి కొత్త కాదు, అక్షరాలే కొత్త. ఆయన పక్కన కూర్చుని అరబీ, ఫార్సీ అక్షరాలు చెక్కుతూనే నేర్చుకున్నాను. ముద్ర మీద అక్షరం తిరగేసి ఉంటుంది కదా, అందుకని తిన్నగా రాసిన అరబీ చదవడానికి నాకు కాస్త టైము పడుతుంది, తిరగేసి ఉంటే గబగబా చదివేస్తాను. ఉస్తాదు పోయాక ఆ పని మొత్తం నా మీదే పడింది. కంపెనీ ముద్రలు, డాక్టర్ల ముద్రలు, బడుల ముద్రలు. మా వీధిలో నేను చేసిన ముద్ర పడకుండా ఒక్క కాగితం కదిలేది కాదు. కానీ నా ఇఖామా కార్డులో, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డులో, నా వృత్తి 'ఆమిల్' అని ఉండేది. మామూలు కూలీ. వచ్చిననాడు రాసిన మాటను ముప్పై ఏళ్లలో ఎవరూ మార్చలేదు. మార్చమని నేను అడిగినప్పుడల్లా మా కఫీల్, అంటే నన్ను వీసా మీద తెప్పించుకున్న యజమాని, 'ఇన్షా అల్లా', దేవుడు తలిస్తే, అనేవాడు. మంచివాడే, కానీ ఆ మాటకు అక్కడ అర్థం ఏమిటో అక్కడ బతికినవాళ్లకు తెలుసు.

తర్వాత నితాఖత్ వచ్చింది. ఏ దుకాణంలో ఎంతమంది సౌదీవాళ్లు పనిచేస్తున్నారో లెక్క చూసి దుకాణానికి ఒక రంగు వేస్తారు. పచ్చరంగు వస్తే బతుకు, ఎర్రరంగు వస్తే కార్డులు రెన్యువల్ కావు. మా దుకాణం పసుపులో వేలాడుతుండేది. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలకు పని కావాలి, దాని మీద నాకు కోపం లేదు. నా కోపం ఆ తర్వాత వచ్చిన ఫీజుల మీద. పనివాడి మీద ఒక ఫీజు, అది కఫీల్ కట్టాలి. ఆ పనివాడి దగ్గర పెళ్లాం పిల్లలు ఉంటే తల ఒక్కింటికి నెలకు ఇంత అని ఇంకో ఫీజు, అది పనివాడే కట్టాలి. మొదటి ఏడు వంద రియాళ్లు, రెండో ఏడు రెండు వందలు. ఇంకా పెరుగుతుందని ముందే చెప్పేశారు. అది కూడా నెలనెలా కాదు, కార్డు రెన్యువల్ నాడు ఏడాదికి సరిపడా ఒకేసారి. కట్టలేనివాళ్లు కుటుంబాన్ని ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ తిరిగి రాకుండా, ఇంటికి పంపించాలి. ఆ ఏడాది మా వీధి ఫుట్‌పాత్ నిండా సోఫాలు, ఫ్రిజ్‌లు, పిల్లల మంచాలు. కొనేవాడు లేడు, కొనగలిగినవాడు కూడా వెళ్లిపోయేవాడే.

మా వీధి చివర కడప నుంచి వచ్చిన డ్రైవరు ఒకతను ఉండేవాడు. ఒక ఆఫీసులో కారు నడిపేవాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను 'న్నా' అనేవాడు, నేను 'తమ్మీ' అనడం అలవాటు చేసుకున్నాను. అతని పెద్దకూతురు అక్కడి ఇండియన్ బడిలో పన్నెండో తరగతి. మార్చిలో బోర్డు పరీక్షలు, నవంబరులో కార్డు రెన్యువల్. మధ్యలో ఇండియాకు పంపిస్తే బోర్డు పరీక్షకు నాలుగు నెలల ముందు ఏ బడీ చేర్చుకోదు. ఆ పిల్లకు ఏడాది పోతుంది. మా తమ్ముడి తల మీద ఉన్న బరువు ఇదొక్కటే. మార్చి దాకా వాళ్లను ఎలా ఉంచాలి.

ఒక సాయంత్రం అతను దుకాణానికి వచ్చి పిల్లల పెన్సిల్ డబ్బాలోంచి ఒక వస్తువు తీసి నా బల్ల మీద పెట్టాడు. చిటికెన వేలంత పొడుగు ఇత్తడి ముద్ర. నల్లబడి, మట్టిపట్టి ఉంది. తన తాతకు తాత, సీమలో ఒక చిన్న సంస్థానంలో ఖజానా దగ్గర ఉండేవాడట. డబ్బు సంచుల మూతులు దారంతో కట్టి, లక్క కరిగించి పోసి, దాని మీద ఈ ముద్ర ఒత్తేవాడట. ఇది అసలుదా కాదా, ఏమైనా పలుకుతుందా, చూసి చెప్పమన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పకుండా దాటిపోవచ్చు. ఎవరూ అడగరు. కానీ ఇంకొకళ్ల మీద ఇంత కోపం రాసేవాడు తన మీద కోపం దాచుకోకూడదు.

పాత ముద్ర చేతికొస్తే ముందు శుభ్రం చేయడం మా దుకాణం పద్ధతి. ఉస్తాదు నేర్పిందీ అదే, మా ఇంట్లో అమ్మ చెంబులకు చేసిందీ అదే. గాడిలో మురికి ఉంటే అక్షరం సరిగ్గా పడదు. ఆ చేతి అలవాటులోనే, ఆలోచించకుండా, ఉక్కు సూదితో గాళ్లలో ఉన్న మట్టంతా గీకేశాను. గాళ్ల అడుగున ఎర్రగా, గట్టిగా ఏదో పట్టుకుని ఉంది. దాన్నీ గీకేశాను. ఆ తర్వాత చింతపండు నానబెట్టి, ఉప్పు వేసి తోమాను. పావుగంటలో ముద్ర కొత్తపెళ్లికూతురిలా మెరిసింది. తమ్ముడు చూసి మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

ఆ ఎర్రటిది ఏమిటో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది.

ఆ రోజు మాత్రం భూతద్దం పెట్టుకుని తాపీగా చూశాను. చూసిన కొద్దీ గుండె నిండిపోయింది. మొదటిది, గాడి లోతు. సిరా ముద్రకు లోతు అక్కర్లేదు, పైపైన చెక్కుతారు. లక్క ముద్రకు లోతుగా, పక్కలు ఏటవాలుగా చెక్కాలి, లేకపోతే చల్లారిన లక్క గాడిలో పట్టుకుని ఊడిరాదు. ఇది అచ్చంగా లక్క ముద్ర. రెండోది, ఉలి తోక. చేత్తో చెక్కేవాడు గీత చివర ఉలిని పైకి లేపుతాడు, అక్కడ వెంట్రుకంత సన్నటి తోక మిగులుతుంది. మిషన్ గీతకు తోక ఉండదు, మొదట్లో ఎంత లోతో చివరా అంతే. మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. ఫార్సీ అక్షరం మీది చుక్క ఒకటి తప్పుచోట పడింది. చెక్కినతను ఆ చుక్కను సన్నటి ఇత్తడి మేకుతో పూడ్చి, చదునుచేసి, పక్కన మళ్లీ సరైన చుక్క పెట్టాడు. మేకు ఇత్తడి రంగు కాస్త ఎరుపు. నకిలీ చేసేవాడు తప్పుచేసి దిద్దుకోడు. పని కోసం చేసేవాడే దిద్దుకుంటాడు. ఆ మనిషి ఎవరో, నూట అరవై ఏళ్ల కిందట ఏ అరుగు మీద కూర్చుని చెక్కాడో, ఆ చుక్క తప్పినప్పుడు ఎవరిని తిట్టుకున్నాడో, నాకు అంతా కళ్లకు కట్టింది. అంతే కాదు, ముద్ర మీద మనిషి పేరు, ఖజానా అనే మాట, హిజ్రీ సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి. కుటుంబం చెప్పిన కథకూ దానికీ తేడా లేదు.

తమ్ముడితో చెప్పాను, ఇది అసలుదే, మంచి వెల వస్తుందని. అతను ఇంటికి వెళ్లి భార్యతో కూడా చెప్పేశాడు.

గురువారం మధ్యాహ్నం అతని డ్యూటీ అయ్యాక ఇద్దరం పాత సామాన్ల బజారుకు వెళ్లాం. ఆ దుకాణదారు అరవై దాటిన మనిషి, కాళ్లదాకా తెల్లటి థోబు, మెడలో వెండి గొలుసుకు వేలాడే భూతద్దం. ముద్రను చేతిలోకి కూడా తీసుకోలేదు. బల్ల మీదే వేలితో దొర్లించి, ఇది కొత్తది, ఇండియాలో కిలోల లెక్కన పోసి అమ్ముతారు, ఇంత తళతళలాడేది పాతదెలా అవుతుంది అన్నాడు. పాత ముద్ర గాళ్లలో లక్క ఉండాలి, ఇందులో ఏదీ అన్నాడు.

ఆ ఎర్రటిది నా సూది మొన మీద కనిపించింది, నా బల్ల మీద పొడిగా రాలడం కనిపించింది, దాన్ని నేను చేత్తో ఊడ్చి చెత్తబుట్టలో వేయడం కనిపించింది. నూట అరవై ఏళ్లుగా ఆ ముద్ర దాచుకున్న సాక్ష్యాన్ని పావుగంటలో తోమేసింది నేను.

తప్పు నాదని చెప్పాను. నేనే శుభ్రం చేశాను, నేను ముద్రలు చెక్కేవాణ్ణి, మా పద్ధతి అది అన్నాను. అప్పుడు అన్నాడు, మొదట్లో నేను రాసిన ఆ మాట. అంతటితో ఊరుకోలేదు, నీ ఇఖామాలో వృత్తి ఏమని ఉంది అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, ఆమిల్ కదా అని అతనే నవ్వాడు. పనివాడి కార్డు చూడకుండానే చదవగలిగినవాడు పనివాడి పని మాత్రం చదవలేకపోయాడు.

నేను లేచి వచ్చేసేవాణ్ణే. తమ్ముడు పక్కన నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఖాళీ పెన్సిల్ డబ్బా. దాన్ని మూస్తున్నాడు, తెరుస్తున్నాడు. అందుకని కూర్చున్నాను. నాకొచ్చిన అరబీ అంతా కూడగట్టుకుని ఒక్కొక్కటీ చూపించాను. లోతు, తోక, మేకు. అతను భూతద్దం కంటికి పెట్టుకోక తప్పలేదు. మేకు దగ్గర చాలాసేపు ఆగాడు. అయినా ఒప్పుకోలేదు. అప్పుడు ముద్ర పిడికి దారం కట్టుకునే రంధ్రం ఉంది, నా సూది అందులోకి వెళ్లలేదని గుర్తొచ్చింది. గుండుసూది అడిగి తీసుకుని లోపల కెలికాను. నువ్వుగింజలో సగం ఉన్న ఎర్రటి పలుకు ఒకటి కాగితం మీద పడింది. దాన్ని సూది మొనకు గుచ్చి లైటరు మీద పెట్టాను. ఈ కాలం ముద్ర మైనమైతే ప్లాస్టిక్ కంపు కొట్టాలి. రాలేదు. మా నాన్న కొలిమి దగ్గర నగలకు లక్క నింపేటప్పుడు వచ్చే వాసన వచ్చింది.

దుకాణదారు ఆ పొగను రెండుసార్లు పీల్చాడు. సరే, పాతదే అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. నా తెలివితక్కువతనం చూడండి. పాతదే కానీ ఎవరిది అన్నాడు. ఎక్కడో హిందూస్థాన్‌లో, పేరు తెలియని సంస్థానంలో, సంచులు కట్టుకునే గుమాస్తాది. దాన్ని ఇక్కడ ఎవరు కొంటారు. మూడు వందలు ఇస్తానన్నాడు. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని నాతో, ఈసారి మర్యాదగా, మాట్లాడాడు. నీ కన్ను చూశాను, నీ చేయి కూడా అలాగే ఉండి ఉంటుంది. ఈ పేరు అరగదీసి, ఒకప్పుడు ఇటువైపు ఏలిన తుర్కీ పాషా పేరు ఒకటి చెక్కు. మళ్లీ నల్లబరిచి, గాళ్లలో లక్క పట్టించి తీసుకురా. ఏడు వేలు ఇస్తాను.

ఏడు వేలంటే ఆ ఇంట్లో ముగ్గురికి, నెలకు రెండు వందల లెక్కన, ఏడాది ఫీజు దాదాపు తీరిపోతుంది.

నేను నిలబడ్డాను. వద్దు, ఇది ఖజానా మనిషి ముద్ర, పాషాది కాదు, అబద్ధం చెక్కను అన్నాను. ముద్ర తీసుకుని బయటికి నడిచాను. నిజం చెబుతున్నాను, ఆ నాలుగు అడుగులూ నాకు చాలా గొప్పగా అనిపించాయి.

కారు తమ్ముడు నడుపుతున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ముందున్న రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"న్నా, అది నాది గదా. వద్దనేకి నువ్వెవరు?"

"అబద్ధం తమ్మీ అది. మీ తాత పేరు గీకేసుడు నా చేత గాదు."

"మా తాత పేరు మాకు తెలుసు న్నా. ఆ ఇత్తడి ముక్కకు తెలియకపోతే ఏమైతాది? పిల్ల పరీచ్చ రాయాల, అంతే నాకు కావాల్సింది. లక్క గీకింది నువ్వు, బేరం చెడగొట్టింది నువ్వు. నీ నిజం నా కూతురికి హాల్ టికెట్ ఇస్తాదా?"

పచ్చలైటు పడింది. వెనకవాళ్లు హారన్ కొడుతున్నారు. తమ్ముడు కారు ముందుకు పోనిచ్చాడు.

ఆ వారం అంతా నాలో నేను పోట్లాడుకున్నాను. ఎవరి మీద కోపమో తేలలేదు. ఆ దుకాణదారు మీదా, పాషా పేరుంటేనే కళ్లకద్దుకుని కొనే డబ్బున్నవాళ్ల మీదా, పిల్ల చదువుకు తల లెక్కన పన్ను కట్టించే కాగితాల మీదా, నా చింతపండు మీదా. వారం తిరిగాక శుక్రవారం పొద్దున వాళ్ల ఇంటికి వెళ్లాను. ఇల్లంతా పెట్టెలు, సగం కట్టినవి. తమ్ముడి భార్య టీ తెచ్చి, నా వైపు చూడకుండా పెట్టి లోపలికి వెళ్లింది. ఆ ఇంట్లో నాకు అలాంటి టీ అదే మొదటిసారి. పెద్దపిల్ల గోడకు ఆనుకుని ఫిజిక్స్ పుస్తకం చదువుకుంటోంది.

"తమ్మీ, నీ వస్తువు, నీ ఇష్టం. చెక్కమంటే చెక్కుత," అన్నాను.

తమ్ముడు కూతురి వైపు చూశాడు. ఆమెకు విషయం అంతా తెలుసు, ఆ రెండు గదుల ఇంట్లో దాచడానికి చోటేదీ. పుస్తకం మూయకుండానే అంది.

"కొత్త పేరులో మాత్రం చుక్క తప్పు పెట్టొద్దు అంకుల్. ఈసారి దిద్దేకి టైమ్ లేదు."

లోపల్నుంచి వాళ్లమ్మ నవ్వు వినిపించింది. ఆ నవ్వుతో నా టీ తాగగలిగాను.

ఆ రోజే మూసి ఉన్న దుకాణంలో కూర్చుని పని మొదలుపెట్టాను. ఆకురాయితో ఆ ముఖం చదునుచేయడానికి పది నిమిషాలు పట్టింది. పేరు ముందు పోయింది, తర్వాత ఖజానా, లోతుగా ఉన్న సంవత్సరం అన్నిటికంటే చివర పోయింది. దిద్దిన ఆ చుక్క మేకు మాత్రం ఎంత అరగదీసినా పోలేదు, అడుగుదాకా దిగగొట్టాడు మహానుభావుడు. దాన్ని పాషా పేరులో ఒక అక్షరం కిందికి వచ్చేలా కలుపుకున్నాను. నాలుగు రోజులు సాయంత్రాలన్నీ కూర్చుని చెక్కాను. ఎవరు చూసినా అనుమానం రాకుండా చెక్కాలంటే, ఆ కాలంలో చెక్కినవాడు ఎలా కూర్చుంటాడో అలా కూర్చోవాలి, ఎక్కడ విసుక్కుంటాడో అక్కడ విసుక్కోవాలి. నా చేతి పనుల్లో అంతకంటే మంచిది లేదు. అది నాది అని నేను ఎక్కడా చెప్పుకోలేను. నవాసాగరంతో నల్లబరిచాను, గాళ్లలో లక్క నింపి, సగం ఊడబీకి, మసి పట్టించాను. తోమడానికి పావుగంట, మురికి చేయడానికి ఇంకో నాలుగు రోజులు.

దుకాణదారు ఈసారి ముద్రను రెండు చేతులతో అందుకున్నాడు. భూతద్దం పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. గోరుతో లక్కను గీరి వాసన చూశాడు. మేకు దగ్గర ఆగి నా వైపు చూసి చిన్నగా నవ్వాడు.

"హల్హీన్ ఖదీమ్," అన్నాడు. ఇప్పుడు పాతదైంది.

నిజంగా పాతగా ఉన్నప్పుడు కొత్తదన్నాడు, నాలుగు రోజుల కిందట చెక్కిందాన్ని పాతదంటున్నాడు. రెండుసార్లూ ఆ కుర్చీలోనే కూర్చుని, అదే భూతద్దంతో చూశాడు. నా కోపం దానికి. మోసం చేశావు కదా ముసలాడా అని మీరు నన్ను అడగవచ్చు. చేశాను. ఎవరో డబ్బున్న మనిషి తన గాజు బీరువాలో జగిత్యాల కంసాలి చెక్కిన పాషాను పెట్టుకుని, అతిథులకు చూపిస్తూ ఉంటాడు. ఆ మనిషికి నేను క్షమాపణ చెప్పుకోవాలి. కానీ నాకంటే ముందు చెప్పుకోవలసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల వరస అయ్యాక నా వంతు.

కార్డులు రెన్యువల్ అయ్యాయి. పెట్టెలు విప్పారు. ఆ తర్వాతి వేసవిలో ఎలాగూ వాళ్లు వెళ్లిపోయారు, తమ్ముడు ఒక్కడే గదికి మారాడు. మా దుకాణం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. నన్ను ఖమీస్ ముషైత్ అనే ఊళ్లో ఇంకో కఫీల్ దగ్గరికి మార్చారు, అక్కడ కార్డులో ఉన్న పనే చేశాను, ఊడ్చాను, తుడిచాను. అది వేరే సంగతి.

అంతకు ముందే, వాళ్లింకా రియాద్‌లో ఉండగా, ఫిబ్రవరి ఆఖర్లో ఒకరోజు ఆ పిల్ల తండ్రితో కలిసి దుకాణానికి వచ్చింది. హాల్ టికెట్ వచ్చింది, చూపించడానికి తెచ్చింది. కాగితం తీసుకుని చూశాను. ఫొటో ఉంది, నంబరు ఉంది, కింద ప్రిన్సిపాల్ సంతకం మీద బడి ముద్ర. ముద్ర సగమే పడింది. ఎడమవైపు అక్షరాలు అలికినట్టున్నాయి, కుడివైపు అసలే లేవు. ఎవడో కుర్చీలోంచి లేవకుండా, బద్ధకంగా, పక్కకు వంచి కొట్టాడు.

"ఇదేం ముద్ర? గీ కాగితం కోసం ఎంత తిప్పలు పడ్డం. రేపే బడికి పోయి మంచిగ ఏయించుకో," అన్నాను.

ఆ అమ్మాయి, నంబరు కనిపిస్తోంది కదా అంకుల్, చాలు అంది. తండ్రీ కూతురూ ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. కాగితం నా దగ్గరే ఉంచుకుని, మర్నాడు నేనే వెళ్లి ఆ బడి ఆఫీసులో వరసలో నిలబడి, ఆ గుమాస్తా ముందు కాగితం పెట్టి, ముద్ర మళ్లీ వేయించాను. నిలువుగా పట్టుకుని, నాలుగువైపులా సమానంగా ఒత్తమని చెప్పి మరీ వేయించాను.